దియోజీనయ్యకు మొక్కిన మనిషి

మా ఆయన బాలసుబ్బయ్య కువైట్‌లో పంతొమ్మిది రోజులు నీళ్ల ట్యాంకులో కాపురమున్నాడు. ఇరవై ఒక్క రోజులు ఉండాల్సింది. ఆ రెండు రోజులు ఎందుకు తక్కువయ్యాయో అడిగినవాళ్లకు ఆయన తలా ఒక రకంగా చెప్పేవాడు. కొందరికైతే ఇరవై ఒక్క రోజులూ ఉన్నాననే చెప్పాడు. నేను పక్కనే ఉండి వింటూ కాఫీ గ్లాసులు తీసుకుపోయేదాన్ని.

మొన్న ఆషాఢంలో పోయాడు. పెద్దకర్మ రోజు విస్తళ్లు వేసేసరికి వీధిలో కుక్కలన్నీ వచ్చి మా గడప ముందు వరసగా కూర్చున్నాయి. మా అల్లుడు మునీంద్ర కర్ర తీసుకున్నాడు.

"వద్దు నాయనా. వాటికి గూడా పెట్టాల. మీ మామకు అవి చుట్టాలే" అన్నాను.

పురోహితుడు ఇదేం ఆచారమమ్మా అని అడిగాడు. దియోజీనయ్య ఆచారమన్నాను. పురోహితుడు ఆయన్ను మా ఇంటి దేవుడనుకుని దండం పెట్టుకున్నాడు. సరిదిద్దే ఓపిక నాకు లేకపోయింది.

నందలూరులో మా వీధివాళ్లు ఇప్పటికీ ఆ పేరు తీస్తారు. ఎవరైనా కొత్త ఫోను కొని ఇంటింటికీ తిప్పి చూపిస్తుంటే, దియోజీనయ్య ఉంటే నీకు చెప్పేవాడు అంటారు. స్టేషను దగ్గర ఆటో నడిపే చినబాబు అయితే దియోజీనయ్య బొమ్మ ఆటో వెనక వేయించుకున్నాడు. పెద్ద గడ్డం, నామాలు, చేతిలో త్రిశూలం. మా ఆయన పరుగున పోయి, దియోజీనయ్యకు త్రిశూలం ఉండదురా, లాంతరు ఉండాలి అని చెప్పాడు. పెయింటరు త్రిశూలాన్ని చెరపకుండా దానికే లాంతరు తగిలించాడు. ఆ ఆటో ఇంకా తిరుగుతూనే ఉంది.

దియోజీనయ్య మా ఊరి సామి కాదు. రెండువేల మూడొందల ఏళ్ల కిందట గ్రీకు దేశంలో బతికిన మనిషి. చదువుకున్నవాళ్లు డయోజనీస్ అంటారట. అరబ్బులు దియోజీన్ అంటారు. మా ఆయన చివర అయ్య చేర్చాడు, అంత పెద్దవాణ్ణి ఉత్త పేరుతో పిలవడానికి నోరు రాక.

మేమిద్దరం ఎనభై ఆరులో కువైట్‌లోని జహ్రాలో ఒకే ఇంట్లో పనికి పోయాం. ఆయన డ్రైవరు. నేను వంట, ఇల్లు. మా పాప వెంకటేశ్వరికి అప్పుడు మూడేళ్లు, మా అమ్మ దగ్గర వదిలి పోయాం. అక్కడ యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలవాలి. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం కూడా ఆయన పేరు మీదే కొడతారు. మా బాబా పెద్ద బడిలో తత్వశాస్త్రం చెప్పే పంతులు. ఇంట్లో ఆయన మాట వినేవాళ్లు లేరు. మామాకు టీవీ, పిల్లలకు వీడియో. కారులో డ్రైవరు మాత్రం మధ్యలో దిగిపోలేడు. అందుకని బాబా ఉన్న చదువంతా మా ఆయనకే చెప్పాడు.

దియోజీనయ్య తండ్రి నాణేల వ్యాపారి అట. నాణేలు పాడుచేశారని ఊరు వెళ్లగొడితే కొడుకు ఏథెన్సు పట్నం చేరి, బజారులో ఉన్న పెద్ద మట్టి గోలెంలో కాపురం పెట్టాడు. కుక్కలా బతుకుతున్నావని జనం తిడితే, అవును, పెట్టినవాడికి తోక ఆడిస్తా, పెట్టనివాణ్ణి చూసి మొరుగుతా, చెడ్డవాణ్ణి కరుస్తా అన్నాడట. ఒకసారి సికందర్ పాదుషా అంతవాడు వచ్చి ఎదురుగా నిలబడి, ఏం కావాలో కోరుకో అన్నాడు. ఎండకు అడ్డం వచ్చావు, కాస్త తప్పుకో అన్నాడట ఈయన. మా ఆయన ఈ కథలన్నీ రాత్రి అన్నం తింటూ నాకు చెప్పేవాడు, ఆ మనిషి పక్కవీధిలో ఉన్నట్టు.

పట్టపగలు లాంతరు పట్టుకుని తిరుగుతూ మనిషి కోసం వెతుకుతున్నా అనేవాడట దియోజీనయ్య. ఈ కథ విన్న మర్నాడు మా ఆయన మిట్టమధ్యాహ్నం కారు హెడ్‌లైట్లు వేసుకుని జహ్రా అంతా తిరిగి, వాటిని ఆర్పకుండానే ఇంటి ముందు నిలిపాడు. బడి విడిచే వేళకు బ్యాటరీ అయిపోయింది. బాబా ఎండలో ఇంటికి నడిచి వచ్చి, తల మీది గుడ్డతో చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"సుబ్బయ్యా, మనిషి దొరికాడా?"

"లేదు బాబా. బ్యాటరీ పోయింది."

వేరే ఇంట్లో అయితే ఆ రోజే తిరుగు టికెట్టు చేతిలో పెట్టేవాళ్లు. మా బాబా సోఫాలో కూలబడి నవ్వాడు.

ఇంకో రోజు, సముద్రపు దొంగలు దియోజీనయ్యను పట్టుకుని బానిసల బజారులో నిలబెట్టిన సంగతి చెప్పాడు. నీకేం పని వచ్చని అడిగితే, మనుషులమీద పెత్తనం చేయడం వచ్చు, యజమాని కావాల్సినవాడు ఎవడైనా ఉంటే వాడికి నన్ను అమ్మండి అన్నాడట. కోరింథు ఊరి పెద్దమనిషి ఒకడు కొనుక్కుపోయి పిల్లలకు చదువు చెప్పించుకున్నాడు. మా ఆయన వంటింట్లో నా ఎదురుగా ఉల్లిపాయలు వలుస్తూ చాలాసేపు ఆలోచించి హాల్లోకి పోయాడు.

"బాబా, ఆయన ఇఖామా ఎవరి పేరు మీద కొట్టించినారు?"

"ఇఖామా ఎక్కడిది సుబ్బయ్యా? బానిస కదా."

"మరి పాస్‌పోర్టు?"

"ఉంటే కొన్నవాడి దగ్గరే ఉండేది."

మా ఆయన తిరిగి వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాడు. "మనోడే మే" అన్నాడు నాతో. "అచ్చం మన మాదిరే."

బాబా చదువుకునే గదిలో అరమీద మూడు ప్లాస్టరు తలలు ఉండేవి. మూడింటికీ గడ్డాలు, కనుగుడ్లు లేని కళ్లు. దుమ్ము తుడిచేది నేనే. నడిమి తలకు బట్టతల, చప్పిడి ముక్కు. అదే దియోజీనయ్య అని మా ఆయన చెప్పాడు. నీకెట్లా తెలుసంటే, చూస్తే తెలీదా, ఇల్లు లేనోని మొగం అన్నాడు.

తొంభైలో సెలవులకు బాబా వాళ్లు కైరో పోయారు. ఇల్లు మాకు అప్పగించారు. ఆగస్టు రెండో తేదీ పొద్దున మా ఆయన పాలకోసం గేటు తీసి, వెంటనే మూసి లోపలికి వచ్చాడు.

"పాలు ల్యావు."

"ఏం, కొట్టు తీయల్యా?"

"ఇరాకు వచ్చింది."

ముత్లా గుట్ట దిగి వచ్చే రోడ్డు మా జహ్రా మీదుగానే పోతుంది. ఆ రోజంతా లారీలు, ఫిరంగులు పోతూనే ఉన్నాయి. వారం రోజులు తలుపులు బిగించుకుని ఉన్నాం. పక్కింటి కువైట్ ఆయన్ను కళ్లకు గంతలు కట్టి తీసుకుపోవడం కిటికీ సందులోంచి చూశాం. ఆయన మళ్లీ రాలేదు. అది చూసిన తర్వాత మా ఆయన కిటికీ పక్కకు పోవడం మానేశాడు.

పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీలు దగ్గర ఉంచుకోవడం అక్కడి పద్ధతి. మా కఫీలు బాబానే కాబట్టి అవి ఆయన మేజా సొరుగులో ఉన్నాయి. పోవాల్సి వస్తే చేతికి అందేట్టు నేను వాటిని తీసి అరమీద, తలల పక్కన పెట్టాను. ఎనిమిదో రోజు ఆరుగురు సైనికులు వచ్చి ఇల్లు తమకు కావాలన్నారు. పది నిమిషాల్లో బయటికి పొమ్మన్నారు. నేను బట్టలు సూట్‌కేసుల్లోకి కుక్కుతూ చెప్పాను.

"అరమీద తీసిపెట్టినా. పోయి తీసకరాపో."

ఆయన తువ్వాలులో చుట్టి తెచ్చాడు. కొంత దూరం నడిచి, కొంత దూరం ఎవరి బండో పట్టుకుని అమ్ఘరా చేరాం. అక్కడ పాత ఇనుము కొట్టులో రాయచోటి కరీముల్లా ఉన్నాడు, మా ఆయన స్నేహితుడు. కూర్చుని నీళ్లు తాగి తువ్వాలు విప్పితే లోపల బట్టతల, చప్పిడి ముక్కు.

"పాస్‌పోర్టులేవయ్యా?"

"అయ్యో" అన్నాడు. దాని ముక్కు మీది దుమ్ము తుడుస్తూ, "తొందర్లో పెద్దది తెచ్చినా" అన్నాడు.

కరీముల్లా యజమాని కూడా ఎటో వెళ్లిపోయాడు. కొట్టు, లారీ, ఇనుప గుట్టలు అన్నీ కరీముల్లా మీదే పడ్డాయి. కాపలా గది నాకు, కడప మున్నీ బీకి ఇచ్చాడు. మున్నీ బీ జహ్రాలో మా వెనక వీధి ఇంట్లో వంటమనిషి, నాకంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. మగవాళ్లు లారీ కింద పడుకునేవాళ్లు.

మూడో రోజు సైనికులు అమ్ఘరా వచ్చారు. ఇళ్లలోంచి, కొట్లలోంచి తెచ్చిన సామాను లారీలకు ఎత్తించడానికి దొరికిన మగవాళ్లనల్లా తోలుకుపోయారు. మా ఆయన కొట్టు మూల అడ్డంగా పడి ఉన్న పాత ఫైబరు ట్యాంకులోకి దూరాడు. మిద్దెల మీద పెట్టే పెద్ద రకం, ఒక పక్క పగిలి పనికిరాకుండా పోయింది. సైనికులు పోయారు, పనికి పోయినవాళ్లు తిరిగి వచ్చారు, ఈయన మాత్రం రాలేదు. మర్నాడు పొద్దున టీ తీసుకుపోతే లోపల ఇటుక మీద తలను నిలబెట్టి, నా భరిణలో కుంకుమ తీసి దానికి బొట్టు పెట్టి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఏందయ్యా ఇది?"

"మొక్కుకున్నా మే. ఇరవై ఒక్క దినాలు ఆయన మాదిరే తొట్టిలో ఉంటా. మనల్నిద్దర్నీ ఇల్లు చేర్చే భారం ఆయనది."

"ఆయన గ్రీకాయన. మన మొక్కు ఆయనకెట్లా తెలుస్తాది?"

"కడప పెద్ద దర్గాకు మొక్కడంల్యా మనం? ఆ సామేమన్నా మన పెదనాయనా?"

ఆయనకు పట్టింది భక్తి కాదు, భయం. అది నాకు ఆ రోజే తెలుసు. భయపడిన మనిషికి దూరడానికి ఒక చోటు కావాలి. దియోజీనయ్య తర్వాత వచ్చాడు. అయినా మా వైపు బొట్టుపెట్టి మొక్కిన మొక్కును మధ్యలో తెంచమని ఎవరూ అనరు, ఆ పాపం తమకు చుట్టుకుంటుందని. మున్నీ బీ అంతటిది కూడా అనలేదు. ఇల్లు చేరడానికి మొక్కాడు, మొక్కు తీరేదాకా కదలనంటున్నాడు. నేను అక్కడ కూర్చుని, ముందేది వస్తుందో, దీక్ష పూర్తవడమా, దారి మూసుకుపోవడమా అని చూస్తూ ఉండాలి.

"అన్నా, ఇది ఫైబరు" అన్నాడు కరీముల్లా. "మధ్యాహ్నానికి దమ్ బిర్యానీ అయితావు."

అన్నంత పనీ అయింది. నేను గోనెసంచులు తడిపి పైన కప్పేదాన్ని. అవి ఆరేలోపల మళ్లీ తడపాలి. నీళ్లు మోసి మోసి నా భుజం వాచింది. దియోజీనయ్యకు ఇట్లా నీళ్లు మోసే మనిషి ఉన్నట్టు బాబా చెప్పలేదే అని ఒకసారి అడిగాను. ఆయన దేశంలో చల్లగా ఉంటాదిలే అన్నాడు.

నాలుగు రోజుల్లో ఈ మాట అమ్ఘరా అంతా పాకింది. పక్క కొట్లవాళ్లు, మంగఫ్ కంపెనీ గదులు వదిలి వచ్చినవాళ్లు, పంజాబీలు, బంగ్లా వాళ్లు అందరూ ట్యాంకు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఖర్జూరాలు, బిస్కెట్లు పెట్టి, మా ఊరు చేరుతామా సామీ అని అడిగేవాళ్లు. ఈయనకు సిగ్గేసింది. నేను సామిని కాదు, పోండి అన్నాడు. పోలేదు. చివరికి దియోజీనయ్య మాదిరిగా మొరిగాడు. దాంతో ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఒకసారి మొరిగితే పని అవుతుందని, రెండుసార్లు మొరిగితే ఆలస్యమని వాళ్లే తేల్చుకున్నారు. ఒక బంగ్లా ఆయన మూడుసార్లు మొరిగించుకుని ఏడుస్తూ వెళ్లిపోయాడు.

ఈ లోపల నేను, మున్నీ బీ పట్నం పోయి మన ఎంబసీ ముందు రెండు రోజులు ఎండలో నిలబడ్డాం. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఫోటో అంటించి కాగితం ఇస్తున్నారు. నాకొకటి, ఆయనకొకటి అడిగాను. మనిషేడీ అన్నాడు గుమస్తా. దీక్షలో ఉన్నాడన్నాను. ఈ నెలలో ఏం దీక్షమ్మా అని గొణిగి ముద్ర కొట్టాడు.

కాగితాలు తెచ్చి ట్యాంకులోకి చాపాను. ఆయన వాటిని తల ముందు పెట్టి దండం పెట్టుకున్నాడు. రెండు రోజులు నిలబడింది నేను.

పంతొమ్మిదో రోజు పొద్దున కరీముల్లా వచ్చాడు.

"వదినా, డీజిలు దొరికింది. ఈ పొద్దే పోవాల. మల్ల దొరకదు. సరిహద్దు గూడా ఎప్పుడు మూసేస్తారో తెలీదంట. పద్నాలుగు మందిమి. ఎక్కండి."

మా ఆయన లోపల్నుంచే అన్నాడు. "రెండు దినాలు ఆగు కరీమూ."

"ఆగను అన్నా."

"అయితే ఆమెను తీసకపో. నేను ఎనక వస్తా."

నేను సూట్‌కేసులు కింద పెట్టేశాను. "ఆయన రాకపోతే నేను ఎక్కను" అన్నాను. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. కరీముల్లా నన్ను చూశాడు, ట్యాంకును చూశాడు, లారీని చూశాడు. తర్వాత పాత ఇంజిన్లు ఎత్తే గొలుసు కప్పీ తెచ్చి, మనిషితో సహా ట్యాంకును లేపి లారీలో పెట్టాడు. ట్యాంకులోంచి దిగకూడదనే కదా దీక్ష, ట్యాంకు ఎటు పోతే దీక్షకేంటి అని మా ఆయన కూడా ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది లారీలో ఉన్నవాళ్లు. సగం చోటు దానికే పోయింది.

"నీళ్లుండాల్సిన దాంట్లో నీ మొగుడా?" అని మున్నీ బీ నా మీద పడింది. "ఎడారిలో నోరెండితే ఈయన్ను పిండుకుని తాగాల్నా?"

చివరికి అందరి సామానూ ట్యాంకులో పెట్టుకునేట్టు ఒప్పందమైంది. మా ఆయన లోపల్నుంచి మొత్తుకున్నాడు.

"దియోజీనయ్యకు సామాను ల్యాదు!"

"ఆయనకు పెండ్లాం గూడా ల్యాదు" అంది మున్నీ బీ. "నీకుంది, రెండు సూట్‌కేసులుండాయి. జరుగు."

ముత్లా దగ్గర సైన్యం చెక్‌పోస్టు. లారీ ఆపారు. అందరం కాగితాలు పట్టుకుని నిలబడ్డాం. ట్యాంకులో ఏముందని అడిగారు. ఇద్దరు సైనికులు తుపాకులు ఎక్కుపెట్టారు. వాళ్లను తప్పించి ఒక ఆఫీసరు, నలభై ఏళ్లుంటాయి, నెరిసిన మీసం, లారీ మీదికి ఎక్కి ట్యాంకు నోటికి ఎదురుగా నిలబడ్డాడు.

"బయటికి రా."

"రాకూడదు సార్" అన్నాడు మా ఆయన, తనకొచ్చిన అరబ్బీలో. "ఇంకా రెండు రోజులుంది."

"దేనికి?"

ఈయన సూట్‌కేసుల మధ్య మోకాళ్లు ముడుచుకుని, చెమట కారిపోతూ కళ్లు మూసుకున్నాడు. ఆఫీసరు విసిగిపోయాడు.

"సరే, అసలు నీకేం కావాలో చెప్పు."

పోనివ్వమని అడగొచ్చు, నీళ్లు అడగొచ్చు. ఈయన కళ్లు తెరిచి ఆఫీసరును చూశాడు.

"కాసేపు అట్లనే నిలబడు సార్. నీడ బాగుంది."

కరీముల్లా తల పట్టుకున్నాడు. ఆఫీసరు మాత్రం కదల్లేదు. ముఖంలో ఏదో మారింది. ఒక అడుగు పక్కకు వేస్తే ఎండ మా ఆయన ముఖం మీద పడింది. మళ్లీ వెనక్కి జరిగాడు. నీడ పడింది.

"దియోజీన్!" అన్నాడు.

"ఆయన మీకు తెలుసా సార్?"

"నేను బస్రాలో బడిపంతుల్ని. పట్టుకొచ్చి ఈ బట్టలేశారు. పన్నెండేళ్లు ఈ పాఠం చెప్పాను. ఎండకు అడ్డం తప్పుకో అని పిల్లలు పన్నెండేళ్లూ రాశారు. మా ఊళ్లో ఎండాకాలం ఎవడైనా ఆ మాట అంటాడా అని ఒక్కడూ అడగలేదు, నేనూ అనుకోలేదు."

అని లోపలికి వంగి చూశాడు. తల కనిపించింది. బయటికి తీసి ఎండలో అటూ ఇటూ తిప్పాడు.

"ఇదెవరు?"

"ఆయనే సార్, దియోజీనయ్య."

"కాదు. ఇది సుఖ్రాత్. సోక్రటీసు. ముక్కు చూడు."

"దియోజీనయ్యే సార్."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పల్యా. నేనే గుర్తుపట్టినా."

ఇద్దరూ చాలాసేపు ఆ ముక్కు గురించి వాదించుకున్నారు. వెనక బండ్లు వరసగా ఆగిపోయాయి. సైనికులు తుపాకులు దించి వాటి మీద ఆనుకుని వింటున్నారు. మున్నీ బీ ఆగలేకపోయింది.

"ఎవురైతే ఏంది సామీ! ఇద్దరికీ గడ్డముంది. మమ్మల్ని పోనీయండి."

ఆఫీసరుకు తెలుగు అర్థం కాకపోయినా విషయం అర్థమైనట్టుంది. తలను మా ఆయనకు తిరిగిచ్చి, నిట్టూర్చి కిందికి దిగాడు.

"మనుషులు పోవచ్చు. ట్యాంకు ఇక్కడ దింపండి. నా వాళ్లకు నీళ్లు నిలవ పెట్టుకోవడానికి ఏమీ లేదు. పగులుకు అతుకు వేయించుకుంటాను."

సైనికులు సామాను బయటికి తీసి, ట్యాంకును దొర్లించి ఇసుకలో దింపారు. మా ఆయన మాత్రం లోపలే ఉన్నాడు. లారీ ఇంజను మోగుతూనే ఉంది. యల్లా, యల్లా అని కరీముల్లా హారను కొడుతున్నాడు. నేను ట్యాంకు దగ్గరికి పోయి కూర్చున్నాను.

"ఏమయ్యా. ఒక పిల్లోడు దోసిలితో నీళ్లు తాగేది చూసి ఆయన గిన్నెనే పారేసినాడంట కదా. నువ్వు ఇంత పెద్ద ట్యాంకు పట్టుకుని యాలాడతాండావు."

"గిన్నె పారేసినాడు. గోలెం పారేయల్యా."

మాటల్లో ఆయన్ను నేనెప్పుడూ గెలవలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నేనూ లోపలికి దూరాను.

"నువ్వు యాడికొస్తాండావ్?"

"రెండు దినాలే కదా. జరుగు."

"ఇద్దరికి చాలదు మే."

"చాలకపోతే చాలకపోనీ."

లోపల ఊపిరాడలేదు. గోడ ముట్టుకుంటే కాలుతోంది. ఆయన మోకాలు నా కడుపులో గుచ్చుకుంది. పంతొమ్మిది రోజులు ఇందులో ఎట్లా ఉన్నాడో అప్పుడే తెలిసింది నాకు. బయట హారను మోగుతూనే ఉంది.

"పాప?" అన్నాడు.

"మా అమ్మ దగ్గరుంటాది."

"లారీ ఎల్లిపోతాది మే."

"పోనీ. నీ మొక్కు నువ్వు తీర్చుకో. నాదీ ఒకటుంది."

"నీదేం మొక్కు?"

"నువ్వు ల్యాకుండా బండెక్కనని."

ఆయన ఒళ్లో ఉన్న తలను తీసి పక్కన పెట్టాడు.

"నాకు భయంగా ఉందే" అన్నాడు. "బయటికి పోతే పక్కింటాయన మాదిరి..."

"నాకూ ఉంది."

"మొక్కు తప్పితే మనకేమన్నా అయితే?"

"అయితే ఇద్దరికీ అవుతాదిలే."

"సరే, జరుగు, దిగుతా" అన్నాడు. ట్యాంకు నోటికి అడ్డంగా ఉన్నది నేను. ముందు నేను రావాలి. వెనక్కి తిరిగే చోటు లేదు. కాళ్లు ముందు బయటపెట్టి, చీర పగులుకు తగులుకుని, నానా అవస్థపడి వచ్చాను. సైనికులు మర్యాదగా అటు తిరిగి నిలబడ్డారు. నా వెనక ఆయన వచ్చాడు. పంతొమ్మిది రోజులు వంగి ఉన్న నడుము నిటారు కావడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఖలాస్! దీక్ష అయిపోయింది, ఎక్కండి!" అని కరీముల్లా అరిచాడు.

ఆ ప్లాస్టరు తలను మా ఆయన ఆఫీసరు చేతికే ఇచ్చాడు. "జహ్రాలో మా బాబా ఇల్లు సార్. పంతులే, మీ మాదిరి. వస్తే ఇచ్చేయండి" అన్నాడు. ఆఫీసరు దాన్ని ఇసుకబస్తాల మీద రోడ్డు వైపుకు తిప్పి నిలబెట్టాడు. బొట్టు చెరపలేదు.

దియోజీనయ్యకు ఇచ్చిన మాట తప్పానని మా ఆయనకు ఆ తర్వాత జీవితమంతా మనసులో ఉండిపోయింది. యుద్ధం అయిపోయాక బాబా మళ్లీ వీసా పంపితే పోయి పదకొండేళ్లు అదే ఇంట్లో చేశాడు. నేను పోలేదు, ఇక్కడే ఇల్లు చూసుకున్నాను. అరమీద రెండు తలలే ఉన్నాయని, నడిమిది ఏమైందని బాబా ఒక్కసారి కూడా అడగలేదని చెప్పేవాడు. తిరిగి వచ్చాక కుక్కలకు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ బాకీ రెండు రోజులదట. ఇరవై ఏళ్లు పెట్టాడు.

ఆ రోజు ముత్లా దాటాక లారీ, బస్సులు, బాగ్దాదు, మళ్లీ బస్సులు. జోర్డాను ఎడారిలో గుడారాల్లో తొమ్మిది రోజులు ఉన్నాం. చివరికి అమ్మాన్ విమానాల దగ్గర వరసలో నిలబెట్టారు. మన దేశపు ఆఫీసరు ఒకాయన మేజా వేసుకుని పేర్లు రాసుకుంటున్నాడు. ఎన్ని రోజులుగా నిద్ర లేదో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. విమానంలో కొద్ది సీట్లే మిగిలాయని ముందువాళ్లు చెప్పుకుంటున్నారు. మా వంతు వచ్చింది. మా ఆయన్ను ముందు అడిగాడు, హిందీలో.

"ఏ ఊరు?"

మా ఆయన ఆలోచించాడు. దియోజీనయ్యను ఎవరో ఇదే మాట అడిగితే ఆయన ఏం చెప్పాడో బాబా నేర్పి ఉన్నాడు.

"దునియా, సాబ్. నాది ప్రపంచమంతా."

ఆఫీసరు కలం ఆగింది. "పక్కకు నిలబడు" అన్నాడు. "తర్వాతివాళ్లు రండి."

నేను ఆయన్ను మోచేత్తో వెనక్కి నెట్టి మేజా ముందుకు పోయాను. "నందలూరు సార్. రాజంపేట తాలూకా, కడప జిల్లా."

"ఈయన?"

"ఈయనదీ అదే."

"ఇద్దరూ కలిసేనా?"

"కలిసే సార్."

రాసుకున్నాడు. మా ఆయన నా వెనకనుంచి గొణుగుతున్నాడు. "నేను చెప్పింది తప్పేం కాదు మే..."

"గమ్మునుండు" అన్నాను. విమానం మెట్లు ఎక్కేదాకా ఆయన చొక్కా చెరగు నా గుప్పిట్లోనే ఉంది.